మాత్రల లెడ్జరు: మూత్రం ఆపుకోలేని పెద్దవారికి ఇచ్చే మందులు, వాటి జాగ్రత్తలు

ఈ సంచికకు బ్యాంకు పరీక్షల గురించి రాయమని సంఘం వారు అడిగారు. అది వచ్చే సంచికలో తప్పక రాస్తాను. ఈసారి మాత్రం మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎవరికీ చెప్పుకోలేని ఒక ఇబ్బంది గురించి, దానికి వాడే మందుల గురించి రాయాలనిపించింది. నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, 36 ఏళ్లు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇక్కడ రాసేవి మందుతో పాటు వచ్చే కాగితాలు చదివి, అర్థం కానివి డాక్టరుగారిని అడిగి తెలుసుకున్న సంగతులు. ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర మొదలుపెట్టవద్దు, సొంతంగా మానవద్దు.

షోలాపూర్‌లో ఉండే మా చిన్నమ్మకు 76 ఏళ్లు. నలభై ఏళ్లు బీడీలు చుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. నాలుగేళ్లుగా ఆమెకు మూత్రం వస్తోందనిపిస్తే ఆగేది కాదు. బాత్రూము చేరేలోపే చీర తడిసేది. రాత్రి ఐదుసార్లు లేచేది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది, జనవరిలో సిద్ధేశ్వరుని గడ్డా జాతర కూడా మానేసింది. కాళ్లనొప్పులు కాబోలని ఇంట్లో అనుకున్నారు. చివరికి కోడలు కనిపెట్టి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లింది.

ఆరోగ్యవంతుల మూత్రాశయంలో సుమారు 300 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా నిలవ ఉంటుంది. నిండేదాకా దాని గోడలోని కండరం వదులుగా ఉండి, మనం వెళ్లి కూర్చున్నాకే బిగుసుకోవాలి. కొందరిలో సంచి సగం కూడా నిండకముందే ఆ కండరం బిగుస్తుంది. అప్పుడు ఆపుకోలేనంత తొందర కలుగుతుంది. దీన్నే అతి చురుకు మూత్రాశయం అంటారు. కానీ మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, షుగరు పెరిగినా, మగవారిలో ప్రొస్టేట్ గ్రంథి పెరిగినా, బి.పి.కి నీరు పోయే మాత్ర వాడుతున్నా ఇవే లక్షణాలు కనిపించవచ్చు. అందుకే మూత్ర పరీక్ష, షుగరు పరీక్ష చేయించకుండా ఈ మందు అడగకూడదు. మూడు రోజుల పాటు ఎన్ని గంటలకు వెళ్లారు, ఎంత తాగారు, ఎప్పుడు తడిసింది అని కాగితం మీద రాసి తీసుకువెళితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. టీ కాఫీలు తగ్గించడం, కటి కండరాల వ్యాయామం, వెళ్లే వేళల మధ్య ఎడం కొద్దికొద్దిగా పెంచడం మందుకన్నా ముందు చేయవలసినవి. ఇవి చాలనివారికే మాత్ర.

ఆ మాత్రల్లో ఎక్కువగా కనిపించే పేర్లు సోలిఫెనాసిన్, టోల్టెరోడిన్, ఆక్సీబ్యుటినిన్, డారిఫెనాసిన్. పేర్లు వేరైనా పని ఒకటే. నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండరం మీద ఉన్న మస్కారినిక్ గ్రాహకాలను తాకితే కండరం బిగుస్తుంది. తాళంలో తాళంచెవి తిరిగినట్టన్నమాట. ఈ మందు ఆ తాళం రంధ్రంలో ముందే చొరబడి కూర్చుంటుంది. తొందర తగ్గుతుంది.

చిక్కంతా ఏమిటంటే అదే రకం తాళాలు నోట్లో లాలాజల గ్రంథులకు, పేగులకు, కంటికి, చెమట గ్రంథులకు, మెదడుకు కూడా ఉన్నాయి. మందుకు విలాసం తెలియదు. మూత్రాశయానికి పంపిన మాత్ర ఒళ్లంతా తిరిగి ప్రతి గుమ్మంలోనూ కాస్త కాస్త కూర్చుంటుంది. కామర్స్ పిల్లలకు సులువుగా చెప్పాలంటే, మూత్రాశయం ఖాతాలో ఒక జమ పడితే మిగతా ఖాతాల్లో ఎక్కడో ఖర్చు పడుతుంది.

ఆ ఖర్చు ఎంతో అంకెల్లో చూడవచ్చు. సోలిఫెనాసిన్ పరీక్షల్లో రోజుకు 5 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో సుమారు 100కి 11 మందికి నోరు ఎండింది. 10 మిల్లీగ్రాములైతే 28 మందికి. మందు లేని ఉత్తి మాత్ర తీసుకున్నవారిలోనూ నలుగురికి ఎండింది. మలబద్ధకం వరుసగా 5, 13, 3 మందికి వచ్చింది. మోతాదు రెట్టింపైతే ఈ బాధలు రెట్టింపుకు పైగా పెరిగాయి. కాబట్టి 5తో కొంత మేలు కనబడితే 10 రాయమని డాక్టరును తొందరపెట్టకండి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి 5 దాటకూడదు. కాలేయం ఒక మోస్తరుగా చెడినవారికీ, కీటోకోనజోల్ వంటి ఫంగస్ మాత్రలు వాడేవారికీ అంతే. కాలేయం బాగా పాడైనవారికి అసలు ఇవ్వరు.

నోరు ఎండితే తీపి శీతల పానీయాలు తాగవద్దు, పళ్లు పుచ్చిపోతాయి. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగాలి. నీళ్లు తాగితే మళ్లీ మూత్రం వస్తుందని పెద్దవాళ్లు నీళ్లే మానేస్తారు. అప్పుడు మలబద్ధకం ముదురుతుంది. మూడు నాలుగు రోజులు విరేచనం కాకపోతే డాక్టరుకు చెప్పాలి. చూపు మసకబారితే బండి నడపరాదు. కంట్లో హఠాత్తుగా నొప్పి, ఎరుపు, దీపాల చుట్టూ రంగు వలయాలు కనిపిస్తే అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లాలి. నీటికాసులు, అంటే గ్లాకోమా, ఉన్నవారు ఆ సంగతి మందు రాయించుకునే ముందే చెప్పాలి. అందులో ఒక రకం అదుపులో లేనివారికి ఈ మందు పనికిరాదు. ముఖం, పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లవలసిందే. గుండె లయలో తేడా ఉన్నవారు ఇ.సి.జి. చూపించుకోవాలి.

చెమట సంగతి మన ఊళ్లవారికి ప్రత్యేకంగా చెప్పాలి. షోలాపూర్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డులో మగ్గాల మధ్య అంతకన్నా వేడి. చెమట పడితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఈ మందు చెమటను తగ్గిస్తుంది. ఒళ్లు కాలిపోతున్నా చర్మం పొడిగా ఉంటే వడదెబ్బ అని గుర్తించాలి. యానాంలో, బరంపురంలో, చెన్నైలో ఉన్నవారికీ ఇదే మాట.

మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే మందే మూత్రాన్ని పూర్తిగా బంధించవచ్చు. ఇది నా సొంత అనుభవం. 63వ ఏట నాకు ఈ మాత్రే రాశారు. ప్రొస్టేట్ కాస్త పెరిగి ఉందని అంతకుముందు వేరే డాక్టరు చెప్పిన మాట నేను ఈ డాక్టరుకు చెప్పలేదు. ఒక వారం జలుబు చేస్తే మందుల షాపులో అడిగి మాత్రలు కొని వేసుకున్నాను. మరునాటి రాత్రికి పొత్తికడుపు రాయిలా బిగిసి ఒక్క చుక్క రాలేదు. తెల్లవారుజామున ఆసుపత్రిలో గొట్టం వేసి తీశాక గానీ ప్రాణం కుదుటపడలేదు. జలుబు మాత్రలో ఉన్న క్లోర్‌ఫెనిరమైన్ కూడా అవే తాళాల్లో కూర్చునే మందు అని ఆ రోజే తెలిసింది. దాచిన మాట నాదే, తప్పూ నాదే.

చిన్నమ్మ విషయం ఇంకా మెలికపడింది. 5 మిల్లీగ్రాముల సోలిఫెనాసిన్‌తో మొదట గుణం కనిపించింది. రాత్రి లేవడం రెండుసార్లకు తగ్గింది. తరువాత కడుపునొప్పికి ఇంకో డాక్టరు డైసైక్లోమిన్ ఉన్న మాత్ర రాశారు. కాళ్ల తిమ్మిర్లకు, నిద్రకు మరొకరు రాత్రిపూట ఎమిట్రిప్టిలిన్ రాశారు. దగ్గుకని ఇంట్లో ఉన్న సిరప్పు ఒకటి. మే నెల వచ్చేసరికి ఆమె నాలుక తడారి మాట తడబడింది. సాయంత్రమైతే, చనిపోయి పన్నెండేళ్లయిన చిన్నాయన మగ్గం నుంచి వచ్చాడని, అన్నం వడ్డించమని అనేది. ఒకరు ముసలితనం అన్నారు, ఒకరు మతిమరుపు జబ్బు అన్నారు, పక్కింటావిడ దిష్టి తీయించింది.

ఆమె మనవరాలు బి.కాం. రెండో సంవత్సరం, మన సంఘం ఉపకార వేతనం అందుకున్న అమ్మాయే. ఇంట్లో ఉన్న మాత్రల పట్టీలన్నీ ఒక స్టీలు డబ్బాలో వేసుకుని నా దగ్గరికి వచ్చింది. "పెద్దనాన్నా, నానమ్మ వేసుకునేవన్నీ ఇవే. మీరు ఒకసారి లెక్క చూడండి" అంది. బ్యాంకులో ఒక్క రూపాయి తేడా వచ్చినా రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చుని వోచర్లు తిరగేసేవాళ్లం. అలాగే ఇద్దరం ఒక నోటు పుస్తకంలో గీతలు గీసి రాశాం: పెద్ద అక్షరాల కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎవరు రాశారు, ఎందుకు, ఏ తేదీ నుంచి. ఆరు మందుల్లో నాలుగు ఒకే రకం తాళాన్ని మూసేవని తేలింది. విడివిడిగా చూస్తే ఒక్కొక్క డాక్టరు రాసినదీ సబబే. మొత్తం ఎవరి కంటా పడలేదు. చిన్నమ్మకు తెలుగు కూడబలుక్కుని చదవడమే కష్టం, పట్టీ మీద ఇంగ్లీషు, డాక్టరు మాట్లాడేది మరాఠీ.

ఆ పుస్తకం, డబ్బా రెండూ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన కడుపునొప్పి మాత్ర, సిరప్పు వెంటనే ఆపారు. నిద్ర మాత్రను కొద్దికొద్దిగా తగ్గించారు. సోలిఫెనాసిన్ కూడా ఆపించారు. వారమైనా తేడా కనిపించక ఇంట్లో కంగారుపడ్డారు. ఇక్కడ తరుగుదల లెక్క పనికొస్తుంది. ఆరోగ్యవంతుల రక్తంలో సోలిఫెనాసిన్ సగానికి తగ్గడానికి 45 నుంచి 68 గంటలు పడుతుంది. యంత్రం మీద తగ్గుతున్న నిలవ పద్ధతిలో 50 శాతం తరుగుదల రాసినట్టు 100, 50, 25, 12.5, 6.25, సుమారు 3. అక్కడికి రావడానికి 9 నుంచి 14 రోజులు. వయసు మళ్లినవారిలో ఇంకా ఆలస్యం కావచ్చు. ఈ లెక్కనే మొదలుపెట్టినప్పుడు కూడా మందు రోజురోజుకూ పేరుకుంటుంది కనుక, మొదటి రెండు మూడు రోజులు ఏ ఇబ్బందీ లేదని నిశ్చింతగా ఉండరాదు. ఒకరోజు మరచిపోతే మరునాడు ఒకటే వేసుకోవాలి, రెండు కలిపి వేసుకోకూడదు. మాత్రను నమలకుండా, పొడి చేయకుండా మింగాలి.

మూడో వారానికి చిన్నమ్మ తేరుకుంది. చిన్నాయన గురించి అడిగితే, "ఆయన పోయి ఎన్నేళ్లయిందిరా" అని నన్నే కోప్పడింది.

65 దాటినవారి విషయంలో ఈ జాగ్రత్త ఎందుకు ఎక్కువో చెప్పాలి. అమెరికాలో వృద్ధులకు ఆచితూచి ఇవ్వవలసిన మందుల పట్టికను బీర్స్ పట్టిక అంటారు. 1991లో మొదలై మధ్యమధ్య సవరణలు పొందుతున్న ఆ పట్టికలో ఈ జాతి మందులు ఉన్నాయి. ఇలాంటి మందులు ఏళ్ల తరబడి ఎక్కువగా వాడినవారిలో మతిమరుపు జబ్బు ఎక్కువగా కనిపించిందని 2015లో ఒక అమెరికన్ అధ్యయనం తెలిపింది. మందే కారణమని దానితో రుజువు కాలేదు. కానీ మతిమరుపుకు డోనెపెజిల్ వాడుతున్నవారికి ఈ మందు కూడా ఇస్తే ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు లాగినట్టే. ఆ రెండూ ఒకే చీటీలో కనిపిస్తే అడిగి తీరాలి.

ఇంకో దారిలో పనిచేసే మందు మిరాబెగ్రాన్. అమెరికాలో 2012లో అనుమతి పొందింది. ఇది బీటా 3 గ్రాహకాల ద్వారా మూత్రాశయ కండరాన్ని వదులు చేస్తుంది కనుక నోరు ఎండడం తక్కువ. దీని ఖర్చు వేరే ఖాతాలో ఉంది: బి.పి. పెంచవచ్చు. 180/110 ఆ పైన ఉండి అదుపులో లేనివారికి తగదు. మెటోప్రొలాల్, డిగాక్సిన్ వాడేవారు ముందే చెప్పాలి. చిన్నమ్మకు బి.పి. చూశాక 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. పూర్తి గుణానికి ఎనిమిది వారాలు పట్టవచ్చన్నారు. మనవరాలు వారానికోసారి బి.పి. చూపించి అదే పుస్తకంలో రాస్తోంది.

మందు వల్ల ఏదైనా చెడు జరిగిందని అనుమానం వస్తే ముందు మీ డాక్టరుకు, ఆపైన ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మాకోపియా కమిషన్ వారి ఉచిత నంబరు 1800-180-3024కు తెలియజేయవచ్చు. రోగి ఇంటివారే చెప్పవచ్చు.

మొన్న జనవరిలో చిన్నమ్మ గడ్డా జాతరకు బయలుదేరింది. మనవరాలు ముందురోజే వెళ్లి బాత్రూములు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి వచ్చింది. ఆ వివరం కూడా నోటు పుస్తకం చివరి పేజీలో ఉంది.