పారేసే వస్తువులతో ఇంటికి అందం



"ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అని మన పెద్దలు ఒక సామెత చెబుతారు. చిన్నప్పుడు నాకీ మాట వింటే కోపం వచ్చేది. మా అమ్మ తెల్లవారకముందే లేచి వంట చేసి పలాసలో జీడి పని కెళ్ళేది. పొద్దుపోయాక పప్పు వొలిచిన చేతులతో తిరిగి వచ్చేది. అలాంటి మనిషికి ఇల్లు సర్దుకునే తీరిక ఎక్కడిది? ఇల్లు చూసి మా అమ్మను చూస్తే ఎవరికైనా ఏం తెలుస్తుంది?

ఇంటర్మీడియట్‌లో నా స్నేహితురాలు ఒకామె "సెలవుల్లో మీ ఊరు వస్తాను" అంది. నేను ఏదో వంక చెప్పి తప్పించాను. గోడకు సున్నం లేదు, కూర్చోడానికి కుర్చీ లేదు, మేకులకు బట్టలు వేలాడుతుంటాయి. ఇవన్నీ ఆమె చూస్తుందని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గే నా చేత ఈ వ్యాసం రాయిస్తోంది. మీలో కొందరికైనా ఇటువంటి అనుభవం ఉండే ఉంటుంది.

ఇంటి అలంకరణ అనగానే షోకేసులు, ప్లాస్టిక్ పూలు, గాజు బొమ్మలు అనుకుంటాం. డబ్బున్నవాళ్ళ వ్యవహారమని వదిలేస్తాం. కానీ అలంకరణకు ముందు కావలసింది డబ్బు కాదు, చూపు. పారేసే వస్తువు చేతిలో ఉన్నప్పుడు "ఇది ఇంకా దేనికి పనికొస్తుంది?" అని ఒక్క నిమిషం ఆగి ఆలోచించడమే మొదటి పాఠం.

పేరు కొత్తది, పని పాతది

రీసైక్లింగ్ అనే మాట మనకు పాఠ్యపుస్తకాల్లో వచ్చింది. కానీ ఆ పని మన నాయనమ్మలు ఎప్పుడో చేశారు. పాత చీరలు నాలుగు పొరలు వేసి బొంత కుట్టారు. కొబ్బరి పీచుతో తాడు పేనారు, తాటాకుతో బుట్టలల్లారు. బెంగాలులో పాత చీరల మీద సూదిపనితో కుట్టే 'కాంథా' ఇవాళ పెద్ద పెద్ద దుకాణాల్లో అమ్ముతున్నారు. అది కూడా పేదింటి బొంతగా పుట్టిందే.

మనకు దగ్గరలోనే సీతంపేట కొండలున్నాయి. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న ఆ మండలం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. అక్కడి సవరలు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో మనుషులను, చెట్లను, జంతువులను గీస్తారు. రంగుల డబ్బా కొననక్కరలేదు. ఆ చిత్రాలకు దేశమంతటా పేరుంది.

ఇంకొక ఉదాహరణ చండీగఢ్‌లోని రాక్ గార్డెన్. నేక్‌చంద్ అనే రోడ్డు ఇన్‌స్పెక్టరు 1950ల చివర నుండి, ఉద్యోగం చేసుకుంటూనే, ఎవరికీ తెలియకుండా దాన్ని కట్టాడు. పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, పాత ఇంటి శిథిలాలతో వందలాది బొమ్మలు చేశాడు. 1976లో ఆ తోటను ప్రజల కోసం తెరిచారు. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కాబట్టి పనికిరాని వస్తువంటూ ఏదీ లేదని గ్రహించాలి.

నేను మొదలుపెట్టిన రోజు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన ఉద్దానం మీద పడింది. అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. కరెంటు లేదు. ఎటు చూసినా రాలిన కాయలు, డొక్కలు, చిప్పలు. మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుందని పెద్దవాళ్ళు తలలు పట్టుకు కూర్చున్నారు.

ఆ రాత్రుల్లో దీపం గాలికి ఆరిపోకుండా మా నాయనమ్మ సగం కొబ్బరి చిప్పలో ఇసుక పోసి, దాని మీద మట్టి ప్రమిద పెట్టింది. చిప్ప అంచు గాలికి అడ్డం. గోడ మీద గుండ్రటి వెలుగు పడింది. అంత నష్టం మధ్య ఆ మూల ఒక్కటి అందంగా కనిపించింది. నేను ఇంటి కోసం నేర్చుకున్న మొదటి వస్తువు అదే.

ఇప్పుడు ఒక్కొక్కటిగా తయారీ విధానాలు చెబుతాను.

1. కొబ్బరి చిప్పతో పెన్నుల గిన్నె, మొక్కల ఉట్టి

కావలసినవి: ముదురు కొబ్బరి చిప్పలు, ఇనుము కోసే రంపపు బ్లేడు, గరుకు కాగితం (ఒకటి ముతక, ఒకటి మెత్తన), కొబ్బరినూనె, పీచుతాడు.

విధానం: కాయను కత్తితో కొడితే చిప్ప వంకరగా పగులుతుంది. చుట్టూ సుద్దముక్కతో గీత గీసి బ్లేడుతో నెమ్మదిగా కోయాలి. లోపల అంటుకున్న కొబ్బరి పూర్తిగా తీసేయాలి, లేకపోతే చీమలు, బూజు పడతాయి. ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, పైనున్న పీచును పాత చాకుతో గీకాలి. ఆరాక ముందు ముతక కాగితంతో, తరువాత మెత్తటి కాగితంతో రుద్దాలి. చివర నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేసి గుడ్డతో తుడిస్తే నల్లగా నిగనిగలాడుతుంది. వార్నిష్ అవసరం లేదు.

మొక్క పెట్టాలంటే అడుగున కన్నం కావాలి. చిప్పకు ఉండే మూడు కళ్ళలో ఒకటి మెత్తగా ఉంటుంది. మొలక వచ్చేది అందులోంచే. మేకుతో దాన్ని పొడిస్తే చాలు, నీరు కారిపోతుంది. అంచున మూడు కన్నాలు చేసి పీచుతాడు కట్టి ఉట్టిలా వేలాడదీయండి. మనీప్లాంటు గాని, పుదీనా గాని పెంచుకోవచ్చు.

2. పాత చీరతో గుండ్రటి పట్టా

కావలసినవి: ఒక పాత నూలు చీర, దబ్బనం, గట్టి దారం.

విధానం: చీరను పొడవునా నాలుగువేళ్ళ వెడల్పు పీలికలుగా చింపాలి. మూడు పీలికలు కలిపి జడ అల్లాలి. ఒక జడ అయిపోతుండగా తరువాతి పీలికలను కుట్టి పొడిగించాలి. ఆ జడను మధ్యలో నుండి నత్తగుల్లలా చుడుతూ, ప్రతి చుట్టునూ పక్క చుట్టుకు కుట్టాలి. ఇక్కడొక రహస్యం ఉంది. ఒళ్ళో పెట్టుకుని కుట్టకూడదు, దారం బిగించి లాగకూడదు. అలా చేస్తే పట్టా గిన్నెలా పైకి లేస్తుంది. నా మొదటి పట్టా అలాగే లేచింది. మా తమ్ముడు దాన్ని నెత్తిన పెట్టుకుని టోపీ అన్నాడు. నేల మీద పరిచి కుట్టాలి. ఒక చీరకు సుమారు రెండడుగుల పట్టా వస్తుంది. కుర్చీ లేని ఇంట్లో వచ్చినవారిని కూర్చోబెట్టడానికి ఇంతకంటే మర్యాద ఏముంటుంది?

3. కాగితం గుజ్జు గిన్నె

పరీక్షలయ్యాక నోటు పుస్తకాలు కిలోల లెక్కన అమ్మేస్తాం. వాటిలో కొన్ని ఉంచుకోండి. కాగితాలను ముక్కలు చేసి రెండు రోజులు నానబెట్టి, రుబ్బి, నీరు పిండేయాలి. రాత్రి నానబెట్టిన గుప్పెడు మెంతులు రుబ్బి ఆ గుజ్జులో కలపాలి. మెంతి జిగురుగా పనిచేస్తుంది, పురుగు పట్టదని కూడా పెద్దలంటారు. ఒక స్టీలు గిన్నెను బోర్లించి, తడి గుడ్డ పరిచి, గుజ్జును వేలి మందాన సమంగా అద్దాలి. ఒక రోజు నీడన, మూడు నాలుగు రోజులు ఎండలో ఆరాక ఊడదీయాలి. పాత శుభలేఖల రంగు కాగితాలు పైన అంటించుకోవచ్చు. గాజులు, రిబ్బన్లు, తాళాలు వేసుకోవచ్చు. తడి వస్తువులు మాత్రం పెట్టకూడదు. మన సముద్రపు గాలికి తేమ ఎక్కువ కాబట్టి వానాకాలంలో అప్పుడప్పుడు ఎండబెట్టాలి.

4. పాత ప్యాంటుతో గోడ సంచి

ఈ వస్తువు గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

మన ఉద్దానంలో చాలా ఇళ్ళల్లో గోడ మేకుకు ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతుంటుంది. అందులో ఆసుపత్రి కాగితాలుంటాయి. మా పెదనాన్నకు కిడ్నీ జబ్బు. వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళాలి, ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఎక్కడికి వెళ్ళినా డాక్టరుగారు మొదట అడిగేది పాత రిపోర్టులే. ఒకరోజు బయలుదేరే వేళకు రక్తపరీక్ష కాగితం దొరకలేదు. కవరు చిరిగి కాగితాలు మంచం కింద పడ్డాయి. పెద్దమ్మ చదువుకోలేదు, ఏది ఏ కాగితమో ఆమెకు తెలియదు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ సెలవుల్లో నేను మూడు పాత ప్యాంట్ల జేబులను వాటి చుట్టూ గుడ్డతో సహా కత్తిరించి, గోనెసంచి ముక్క మీద వరుసగా కుట్టాను. పెద్ద కాగితాల కోసం ప్యాంటు కాలు గుడ్డతో వెడల్పాటి అర ఒకటి కుట్టాను. పైన వెదురు బద్ద దూర్చి తాడు కట్టాను. పెద్దమ్మ అక్షరాలు చదవలేదు కాబట్టి ఒక్కో జేబు మీద ఒక్కో రంగు దారంతో గుర్తు కుట్టాను. ఎర్ర చుక్క అంటే రక్తపరీక్షలు. పసుపు సూర్యుడు ఉదయం మాత్రలు. నీలం చందమామ రాత్రి మాత్రలు. ఆకుపచ్చ బస్సు ఛార్జీ చిల్లర. పక్కన క్యాలెండరు పెట్టి డయాలసిస్ తేదీలకు సున్నా చుట్టాం.

ఇప్పుడు పెద్దమ్మ ఎవరినీ అడగకుండా కావలసిన కాగితం తీస్తుంది. వచ్చినవాళ్ళు ఆ సంచిని చూసి "ఎక్కడ కొన్నారు?" అని అడుగుతారు. అందమంటే ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది. మీరు కుట్టేటప్పుడు సంచి పిల్లలకు అందని ఎత్తులో, ఎండకు, పొయ్యికి దూరంగా ఉండేలా చూసుకోండి.

ముట్టుకోకూడని వస్తువులు

పొదుపు మంచిదే గాని, ప్రతి చెత్తా ఇంట్లోకి తేవలసింది కాదు. ఈ పాఠం నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. హాస్టలులో ఉండగా అద్దానికి చట్రం చేయాలని పచ్చి జీడితొక్కలు తెచ్చి అంటించాను. రెండు రోజులకు వేళ్ళు నల్లబడి, పొక్కి, చర్మం ఊడింది. అమ్మ చూసి, "ఇదేటే, నా చేతులు చూసి కూడా నీకు బుద్ధి రాలేదేటి?" అంది. నేను తల వంచుకున్నాను. ఆమె చేతులను అంత దగ్గరగా చూసింది ఆ రోజే.

ఎం.ఎస్సీ.లో కెమిస్ట్రీ చదివాక కారణం తెలిసింది. జీడితొక్క లోపల తేనెపట్టులాంటి అరల్లో ఒక నూనె ఉంటుంది. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చర్మాన్ని పొక్కిస్తాయి. ఆ నూనెను రంగులకు, వార్నిష్‌లకు, వాహనాల బ్రేకులకు కర్మాగారాల్లో వాడతారు. ఇంట్లో అలంకరణకు మాత్రం అది పనికిరాదు.

మరికొన్ని జాగ్రత్తలు:

- పురుగుమందు డబ్బాలను ఎంత కడిగినా ఇంట్లోకి తేవద్దు. పూలకుండీగా గాని, నీళ్ళకు గాని వాడవద్దు.
- పగిలిన ట్యూబులైట్లు, పాత బ్యాటరీలు ముట్టుకోవద్దు. ట్యూబులైటులో పాదరసం ఉంటుంది.
- ఆస్‌బెస్టాస్ రేకు ముక్కలు కోయవద్దు, రుద్దవద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.
- రేకు డబ్బాల అంచులు సుత్తితో లోపలికి మడవాలి. మన ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి రంగు వేయాలి.
- మిగిలిన ప్లాస్టిక్, థర్మాకోల్ ముక్కలను పొయ్యిలో వేయవద్దు.

హాస్టలులో ఏం చేయవచ్చు?

హాస్టలులో మనకున్నది ఒక ట్రంకు పెట్టె, ఒక మేకు, కొంచెం గోడ. అది చాలు. పెట్టె మీద పాత దుపట్టా పరిచి, కొబ్బరి చిప్పలో పెన్నులు పెట్టి, పైన గోడకు జేబుల సంచి తగిలిస్తే అదే చదువుకునే మూల. నాకు ఇంట్లో బల్ల లేదు. తిరగేసిన పండ్ల పెట్టెకు గుడ్డ కప్పి దాని మీద డిగ్రీ పరీక్షలకు చదివాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. ఆ పెట్టె ఇప్పటికీ ఉంది. దాని మీద మా తమ్ముడు చదువుతున్నాడు.

అందుకే నా సలహా ఒకటే. ఇల్లంతా ఒక్కసారి మార్చాలనుకోకండి. ముందు ఒక్క మూల ఎంచుకోండి. మీరు చదివే మూల గాని, ఇంట్లో జబ్బుతో ఉన్నవారి మంచం పక్క గాని. దాన్ని శుభ్రం చేసి, ఒక్క వస్తువు చేసి పెట్టండి. ఆ వస్తువు అందంగా ఉండాలి, పనికీ రావాలి. వట్టి అందానికే అయితే నాలుగు రోజుల్లో దుమ్ము పట్టి మళ్ళీ చెత్తే అవుతుంది.

ముగింపు

గత సంక్రాంతికి, ఇంటర్‌లో నేను తప్పించుకున్న ఆ స్నేహితురాలినే మా ఇంటికి పిలిచాను. గోడకు ఇంకా సున్నం లేదు. కుర్చీ కూడా లేదు. చీర పట్టా మీద కూర్చుని, ఉట్టిలోని పుదీనా తుంచి మా అమ్మ చేసిన పచ్చడితో అన్నం తిని వెళ్ళింది. ఆమె వెళ్ళాక అమ్మ అంది, "ఇల్లు అదేనే అమ్మా, రమ్మనడానికి మాత్రం నోరొచ్చింది."

చెల్లెళ్ళారా! మన ఇంటి లేమిని దాచడానికి ఈ అలంకరణ కాదు. మన ఇంటికి ఒకరిని ధైర్యంగా రమ్మనడానికి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్క వస్తువు చేయండి. వచ్చే వార్షికోత్సవానికి దాన్ని తెచ్చి, హాస్టలు వరండాలో అందరి ముందు పెట్టండి. చూడడానికి నేను తప్పకుండా వస్తాను.

— ఒక పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (కెమిస్ట్రీ)