యంత్రధ్వని – మనిషి గొంతు ('ది ఇరేజర్' పాటల సంపుటి పరిచయం)

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కంప్యూటర్ సహాయంతో పాట కట్టే పద్ధతిని వివరించగలుగుతారు.
• అటువంటి పాటలో గాయకుడి గొంతుకు ఉన్న స్థానాన్ని గుర్తించగలుగుతారు.
• ఒక సమకాలీన సంఘటన పాటగా మారిన తీరును చర్చించగలుగుతారు.

1. పరిచయం

యంత్రం వాయిస్తే అది సంగీతం అవుతుందా? ఈ ప్రశ్న మీరూ వినే ఉంటారు. దీనికి సమాధానం వెతకడానికి ఇంగ్లండులో తయారైన ఒక పాటల సంపుటిని పరిశీలిద్దాం. దాని పేరు 'ది ఇరేజర్'. అంటే చెరిపివేసేది అని అర్థం. 2006 జూలైలో విడుదలైంది. ఇందులో తొమ్మిది పాటలున్నాయి. రాసి పాడినది టామ్ యార్క్.

యార్క్ 'రేడియోహెడ్' అనే రాక్ బృందంలో గాయకుడు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒకే బడిలో చదివిన ఐదుగురు 1985లో ఈ బృందాన్ని ఏర్పరచుకున్నారు. రాక్ సంగీతానికి గిటార్లు, డ్రమ్ములు ప్రధానం. అయితే 2000లో వచ్చిన 'కిడ్ ఎ' సంపుటితో వీరు ఎలక్ట్రానిక్ ధ్వనుల వైపు మళ్లారు. 2003లో మరో సంపుటి విడుదలై, కచేరీలు ముగిశాక బృందం విరామం తీసుకుంది. ఆ విరామంలో యార్క్ విడిగా చేసిన పని 'ది ఇరేజర్'. దీనిని ఎక్స్.ఎల్. రికార్డింగ్స్ అనే స్వతంత్ర సంస్థ విడుదల చేసింది. ఇటువంటి స్వతంత్ర సంస్థల ద్వారా వచ్చిన రాక్ సంగీతానికే మొదట్లో 'ఇండీ రాక్' అనే పేరు వచ్చింది.

2. పాట తయారైన తీరు

మామూలుగా బృందమంతా ఒకచోట కూర్చుని వాయిస్తే పాట రూపుదిద్దుకుంటుంది. ఇక్కడ పద్ధతి వేరు. ఒక చిన్న ధ్వనిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. దానిని ముక్కలుగా కోస్తారు. ఒక ముక్కను మళ్లీ మళ్లీ మోగేలా అమరుస్తారు. ఇలా తిరిగి తిరిగి వచ్చే ముక్కను 'లూప్' అంటారు. సంపుటికి పేరిచ్చిన మొదటి పాటనే చూడండి. బృంద సభ్యుడు జానీ గ్రీన్‌వుడ్ వాయించిన పియానో స్వరాలను యార్క్ కోసి, వరుస మార్చి, పాటకు ఆధారంగా చేసుకున్నాడు.

ముక్కలు పోగైనంత మాత్రాన పాట కాదు. దేనిని ఉంచాలి, దేనిని వదలాలి అని తేల్చాలి. ఈ పనిలో నిర్మాత నైజెల్ గాడ్రిచ్ తోడ్పడ్డాడు. రేడియోహెడ్ సంపుటాలకూ ఆయన పనిచేశాడు. గొంతును ప్రతిధ్వనుల చాటున దాచవద్దని ఆయన పట్టుబట్టాడు. అందువల్ల యార్క్ గొంతు మన పక్కనే నిలబడి పాడినట్లు వినిపిస్తుంది. లయ యంత్రానిదే అయినా, పాప్ పాటలోలాగా మనసుకు పట్టేది గొంతు పలికే వరుస.

పాఠంలోని ప్రశ్నలు
1. 'లూప్' అంటే ఏమిటి?
2. గొంతు విషయంలో గాడ్రిచ్ ఏమని పట్టుబట్టాడు?

3. ఒక మరణం, ఒక పాట

గొంతును దాచకపోవడం ఎందుకు ముఖ్యమో 'హారోడౌన్ హిల్' అనే పాట చెబుతుంది. హారోడౌన్ హిల్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఒక గుట్ట. 2003 జూలై 18న అక్కడ డాక్టర్ డేవిడ్ కెల్లీ మృతదేహం దొరికింది. ఆయన బ్రిటిష్ రక్షణశాఖలో పనిచేసిన శాస్త్రవేత్త; ఇరాక్‌లో ఆయుధాల తనిఖీ జరిపిన నిపుణుడు. ఇరాక్ ఆయుధాలపై ప్రభుత్వం ఇచ్చిన నివేదికను విమర్శిస్తూ బి.బి.సి. ఒక వార్త ప్రసారం చేసింది. ఆ వార్తకు ఆధారం కెల్లీయే అని బయటపడింది. పార్లమెంటు సంఘం ఆయనను బహిరంగంగా ప్రశ్నించింది. తరువాత మూడు రోజులకే ఆయన మృతదేహం దొరికింది. అది ఆత్మహత్య అని 2004లో హట్టన్ విచారణ తేల్చింది.

యార్క్ పెరిగినది ఆ ప్రాంతంలోనే. ఇది తాను అత్యంత కోపంతో రాసిన పాట అని ఆయన చెప్పాడు. అయితే పాటలో కేకలు లేవు. బేస్ గిటార్ వరుస, యంత్రపు లయ ఆగకుండా సాగుతుంటాయి. వాటి మధ్య ఒంటరి గొంతు 'నేను' అంటూ మాట్లాడుతుంది. చుట్టూ ఉన్న యంత్రం ఆగదు, ఎవరికోసమూ వేచి ఉండదు. అందువల్లనే ఆ మనిషి ఒంటరితనం మనకు తెలిసివస్తుంది. ఇక్కడ యంత్రధ్వని అలంకారం కాదు, అర్థంలో భాగం.

4. యంత్రం నుంచి చేతికి

2009లో యార్క్ ఈ పాటలను వేదికపై వినిపించడానికి కొత్త బృందాన్ని కూర్చుకున్నాడు. కంప్యూటర్‌లో కట్టిన లయలను డ్రమ్ములపై, ఇతర తాళవాద్యాలపై మనుషులే వాయించారు. యంత్రం కోసం అమర్చిన లయ మనిషి చేతికి ఒదిగింది. ఆ బృందం తరువాత 'ఆటమ్స్ ఫర్ పీస్' అనే పేరు పెట్టుకుంది. అది ఈ సంపుటిలోని ఒక పాట పేరే.

సారాంశం

యంత్రం ధ్వనిని ఇస్తుంది, పునరావృతం చేస్తుంది. ఏది ఉంచాలో, ఏది చెరపాలో నిర్ణయించేది మనిషి. ఎవరి తరఫున పాడాలో నిర్ణయించేదీ మనిషే. కాబట్టి పాటలో యంత్రం ఉందా లేదా అని కాక, ఆ పాటలో మనిషి వినిపిస్తున్నాడా అని అడగాలి.

పాఠాంత ప్రశ్నలు
1. 'హారోడౌన్ హిల్' పాటలో యంత్రధ్వని అర్థాన్ని ఎలా బలపరిచింది?
2. మీకు తెలిసిన ఒక పాటను శ్రద్ధగా వినండి. అందులో తిరిగి తిరిగి వచ్చే ధ్వనిని గుర్తించి, అది లేకపోతే పాట ఏమవుతుందో పది వాక్యాల్లో రాయండి.