అవగాహన: ఎస్‌యూవీ బరువు మోసే గాలి

అసిస్టెంట్ మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ (ఏఎంవీఐ) పోస్టులకు ఆటోమొబైల్ ఇంజినీరింగ్ చదివేవారికి టైరు ఒక అధ్యాయం. జనరల్ సైన్సులో అదే టైరు వాయు నియమాలు, ఘర్షణ, వల్కనీకరణం కింద ఎదురవుతుంది. టైరు మీది అక్షరాలను బట్టీ పట్టి, అసలు బరువు మోసేది లోపలి గాలేనన్న సంగతి మరిచిపోతే మెలిక పెట్టిన ప్రశ్న దగ్గర దొరికిపోతాం. ఏడుగురు ఎక్కే పెద్ద బండిని ఉదాహరణగా తీసుకుందాం.

టైరు మీద రాత

టయోటా ఫార్చ్యూనర్‌కు వచ్చే ఒక సైజు 265/65 ఆర్17. 265 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 65 అంటే అందులో 65 శాతం పక్కగోడ ఎత్తు. ‘ఆర్’ రేడియల్ నిర్మాణానికి గుర్తు. 17 అంటే అంగుళాల్లో రిమ్ము వ్యాసం. ఒకే పేరులో మిల్లీమీటరు, శాతం, అంగుళం మూడూ ఉన్నాయి కాబట్టే పరీక్షల్లో దీన్ని లెక్కగా అడగడం సులువు.

పక్కగోడ ఎత్తు 265లో 65 శాతం, అంటే 172.25 మి.మీ. పైనా కిందా కలిపి 344.5. రిమ్ము 17 × 25.4 = 431.8. మొత్తం వ్యాసం 776.3 మి.మీ.

అదే బండికి వచ్చే మరో సైజు 265/60 ఆర్18. లెక్క వేస్తే 775.2 వస్తుంది. తేడా మిల్లీమీటరు పైచిలుకే. రిమ్ము పెరిగినా పక్కగోడ తగ్గింది కాబట్టి చక్రం మొత్తం వ్యాసం దాదాపు మారలేదు, స్పీడోమీటరు లెక్కా తప్పదు. షోకు కోసం లావు టైర్లు వేయించేవాళ్లు చూడనిది ఇదే. వ్యాసం పెరిగితే బండి అసలు వేగం మీటరు చూపేదానికన్నా ఎక్కువగా ఉంటుంది.

లోడ్ ఇండెక్స్, వేగ సంకేతం

సైజు తర్వాత ‘112 హెచ్’ వంటి గుర్తు ఉంటుంది. 112 అంటే ఒక్కో టైరు మోయగలిగేది 1,120 కిలోలు. 104 అయితే 900 కిలోలే. వేగ సంకేతాల్లో ఎస్ అంటే గంటకు 180, టి 190, హెచ్ 210, వి 240 కి.మీ. వరుసలో వి కన్నా ముందే హెచ్ రావడం సహజమనిపిస్తుంది కానీ, టి తర్వాత హెచ్ ఏమిటని అభ్యర్థులు తడబడేది ఇక్కడే.

దుకాణంలో రెండు వేలు తగ్గుతుందంటే సైజు ఒకటే కదా అని తక్కువ ఇండెక్స్ టైరు తీసుకోకూడదు. 1,120 కిలోలన్న మాట కూడా సరిపడా గాలి ఉన్నప్పుడే నిజం.

గాలి

పక్కగోడ మీద ముద్రించిన గరిష్ఠ పీడనం మనం కొట్టించాల్సిన అంకె కాదు. ఆ అంకె డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. చాలా బండ్లకు ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పుడు ఒకటి, మూడు వరుసలూ నిండి డిక్కీలో సామాను ఉన్నప్పుడు మరొకటి ఇస్తారు. తిరుమలకో అరకుకో ఇంటిల్లిపాదీ బయలుదేరే రోజున చూడాల్సింది రెండో అంకె. మన ఇళ్లలో టిఫిన్ల మూటలు లెక్కపెట్టినంత శ్రద్ధగా దీన్ని ఎవరూ చూడరు.

గాలి తగ్గితే పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతుంది. ఆ వంపు వేడి పుట్టిస్తుంది. మేలో, నిండు బరువుతో, హైవే వేగంలో ఆ వేడి పెరిగిపోతే టైరు పేలుతుంది. ఎండకు గాలి ఉబ్బి పేలిందని అనుకుంటాం కానీ చాలాసార్లు అసలు దోషి గాలి తక్కువ కావడమే.

వేడికి పీడనం ఎంత పెరుగుతుంది? ఘనపరిమాణం మారదనుకుంటే గే-లుసాక్ నియమం వర్తిస్తుంది. 25 డిగ్రీల వద్ద గేజి 35 పీఎస్‌ఐ చూపిస్తే, వాతావరణ పీడనం 14.7 కలిపి నిజ పీడనం 49.7. ఉష్ణోగ్రత 55 డిగ్రీలకు చేరితే 298 కెల్విన్లు 328 అవుతాయి. నిజ పీడనం 54.7కు, గేజి 40కి చేరుతుంది. వాతావరణ పీడనం కలపకపోవడం, సెల్సియస్‌లోనే లెక్క చేయడం ఇందులో జరిగే రెండు తప్పులు. బండి నడిచి వేడెక్కాక 40 కనిపించిందని గాలి తీసేయకూడదు. చల్లారాక చూస్తే అది తక్కువే అవుతుంది.

నైట్రోజన్ మంచిదే. అయితే మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంది. నెలకోసారి గేజి పెట్టి చూసే అలవాటుకు అది ప్రత్యామ్నాయం కాదు.

అరుగుదల చెప్పే సంగతులు

రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. మధ్యలో అరిగితే ఎక్కువ. ఒక్క పక్కే అరిగితే అలైన్‌మెంట్ చూపించాలి. స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్. సుమారు 10,000 కి.మీ.కు ఒకసారి టైర్ల స్థానాలు మార్పిస్తే సమంగా అరుగుతాయి. స్టెప్నీని ఎవరూ పట్టించుకోరు, దానికీ గాలి చూడాలి.

కార్లకు గాడి లోతు కనీసం 1.6 మి.మీ. ఉండాలి. గాడి అడుగున కనిపించే చిన్న రబ్బరు దిమ్మెతో ట్రెడ్ సమమైతే టైరు మార్చాల్సిందే. వానలో నీరు ఆ గాళ్లలోంచే బయటికి పోవాలి. పోకపోతే టైరు నీటిపొర మీద తేలుతుంది, దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. రెండే కొత్త టైర్లు కొంటే వాటిని వెనక వేయించాలి. ముందు చక్రాలు జారితే వేగం తగ్గించి సర్దుకోవచ్చు, వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది.

వయసు కూడా చూడాలి. తయారీ కోడ్‌లో చివరి నాలుగంకెలు 2324 అయితే 2024లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైనట్టు.

సాధన

245/65 ఆర్17 టైరు పక్కగోడ ఎత్తు ఎంత? జవాబు 159.25 మి.మీ. మొత్తం వ్యాసం మీరే కట్టి, 750.3 వచ్చిందో లేదో చూసుకోండి.