చిన్న వాల్వు సెట్టు, మూడు పాత స్పీకర్లు: ఒక పంపకం లెక్క

భౌతికశాస్త్రం చదివే మనకు ఓమ్ నియమం కంఠతా వచ్చు. శ్రేణి సంధానం, సమాంతర సంధానం అంటే పరీక్షలో తప్పకుండా వచ్చే లెక్కలు. అయితే అదే లెక్కను ఒక పాత మైకు సెట్టు ముందు కూర్చుని, చేతిలో తీగ పట్టుకుని వేయమంటే చాలామందిమి తడబడతాం. పుస్తకంలోని నిరోధానికీ, చెట్టుకు కట్టిన హారనుకీ సంబంధం ఉందని మనకు తట్టదు. ఆ సంబంధాన్ని తోటి విద్యార్థులకు నాకు తెలిసినంతలో చెప్పాలనే ఈ చిన్న ప్రయత్నం.

మాది నాగార్జునసాగర్ కుడి కాలువ కింద చివరి భూముల్లో ఉన్న ఊరు. మా రామమందిరంలో ఒక పాత వాల్వు ఆంప్లిఫయరు ఉంది. స్పీకర్లకు శక్తినిచ్చే వాల్వు అందులో ఒక్కటే, దాని పేరు 6వి6. అది 1930లలో పుట్టిన రకం. స్పీకర్లు మూడు. మందిరం లోపల చెక్కపెట్టెల్లో కాగితపు కోను స్పీకర్లు రెండు, ఒక్కొక్కటి 8 ఓములు. కాలనీ వైపు వేపచెట్టుకు కట్టిన హారను ఒకటి, అది 16 ఓములు. మందిరంలో చెవులు గింగురుమనే భజన కాలనీకి చేరేసరికి దోమపాటలా ఉండేది. ‘‘మా దాకా వచ్చేది ఎప్పుడూ మిగిలిందేగా బాబూ!’’ అని అక్కడి పెద్దాయన ఒకరు నాతో అన్నారు. సెట్టు ముసలిదైపోయింది, పాత ఇనుముకు వేసి పెద్దది కొందామని కమిటీ పెద్దలు అనుకుంటున్నారు. అమ్మేముందు ఒకసారి లెక్క చూద్దామన్నాను. లోపం సెట్టులో ఉందా, పంపకంలో ఉందా అన్నదే ప్రశ్న.

ముందుగా అవరోధం సంగతి. స్పీకరు మీద 8 ఓములు అని రాసి ఉంటే అది ఏకాంతర విద్యుత్తుకు అది చూపే అవరోధం. మల్టీమీటరు పెట్టి చూస్తే 6, 7 ఓములే కనిపిస్తుంది, ఎందుకంటే మీటరు తీగచుట్ట నిరోధాన్ని మాత్రమే కొలుస్తుంది. 16 ఓముల స్పీకరు 12 నుండి 14 వరకు చూపుతుంది. అక్షరాలు చెరిగిపోయిన పాత స్పీకరును గుర్తుపట్టడానికి ఇదే సులువైన దారి. పైగా ఈ అవరోధం స్థిరం కాదు, పౌనఃపున్యంతో మారుతుంది. 8 ఓములనేది లెక్క కోసం పెట్టుకున్న గుర్తు మాత్రమే.

ఇక వాల్వు సంగతి. 6వి6 వాల్వు 250 వోల్టుల దగ్గర, సుమారు 45 మిల్లీ ఆంపియర్ల కరెంటుతో పనిచేస్తుంది. దానికి నప్పే భారం 5,000 ఓములు. అప్పుడది నాలుగున్నర వాట్ల శక్తినిస్తుంది. ఇక్కడ మనవాళ్లకు ఒక సందేహం రావాలి. గరిష్ఠ సామర్థ్య సిద్ధాంతం ప్రకారం జనకం లోపలి నిరోధం ఎంతో భారమూ అంతే ఉండాలి కదా! 6వి6 లోపలి నిరోధం 50,000 ఓముల దాకా ఉంది. మరి 5,000 ఎలా సరిపోయింది?

జవాబు ఇదీ. ఆ సిద్ధాంతం వోల్టేజికీ కరెంటుకూ హద్దు లేనప్పటి మాట. వాల్వుకు రెండు హద్దులూ ఉన్నాయి. వోల్టేజి 250 చుట్టూ, కరెంటు 45 మిల్లీ ఆంపియర్ల చుట్టూ మాత్రమే ఊగగలదు. 250ని 0.045తో భాగిస్తే సుమారు 5,555. రెండు హద్దులనూ పూర్తిగా వాడుకునే భారం ఆ దాపులనే ఉంటుంది. తయారీదారులు 5,000 అన్నది అందుకే.

5,000 ఓములు కోరే వాల్వుకు 8 ఓముల స్పీకరు ఎలా కట్టాలి? మా చేలో ఆయిల్ ఇంజనుకూ పంపుకూ మధ్య చిన్నా పెద్దా పుల్లీలు ఉన్నట్టు, ఇక్కడ ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. ప్రధాన చుట్టలో 25 చుట్లకు గౌణ చుట్టలో ఒక చుట్టు ఉందనుకుందాం. వోల్టేజి 25వ వంతుకు తగ్గుతుంది, కరెంటు 25 రెట్లు పెరుగుతుంది. అవరోధమంటే వోల్టేజిని కరెంటుతో భాగించగా వచ్చేదే కాబట్టి అది 25 ఇంటూ 25, అంటే 625వ వంతు అవుతుంది. 5,000ను 625తో భాగించండి, సరిగ్గా 8. సెట్టు వెనక 4, 8, 16 అని మూడు మరలు ఉండేది ఇందుకే. 8 అన్న మర దగ్గర 8 ఓములు కడితేనే వాల్వుకు 5,000 కనిపిస్తుంది.

ఇప్పుడు మా మందిరం లెక్క. అంతకుముందు ఎవరో మూడు స్పీకర్లనూ సమాంతరంగా 8 ఓముల మరకే కట్టి ఉంచారు. 8, 8, 16 సమాంతరంగా కలిస్తే వచ్చేది 3.2 ఓములు. దాన్ని 625తో హెచ్చిస్తే వాల్వుకు కనిపించే భారం 2,000 ఓములే. కరెంటు హద్దు మారదు గనుక, ఈ భారంలోకి వాల్వు ఇవ్వగల శుభ్రమైన శక్తి సుమారు రెండు వాట్లకు పడిపోతుంది. ఆ పైన పెంచితే వచ్చేది గరగరే. సెట్టు ముసలిదైందని అందరూ అనుకున్నది ఈ గరగర వినే.

పంపకం ఇంకా అన్యాయం. సమాంతరంలో అందరికీ వోల్టేజి ఒకటే, కాబట్టి తక్కువ ఓములున్న స్పీకరే ఎక్కువ శక్తిని లాగుతుంది. మూడింటి వాటాలు 2 : 2 : 1. అంటే కాలనీ హారనుకు అయిదో వంతు, 0.4 వాటు. అందులోనూ తీగ కొంత తింటుంది. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగ వంద మీటర్లకు సుమారు 1.7 ఓముల నిరోధం చూపుతుంది. హారను అరవై మీటర్ల దూరంలో ఉంది, పోనూ రానూ 120 మీటర్లు, అంటే రెండు ఓములు. కాలువకు ఎగువన ఉన్న చేలు ముందు తడిసి, చివరి చేనుకు తడి మాత్రమే చేరినట్టయింది. పెద్దాయన మాటలో తప్పేమీ లేదు.

మార్చవలసింది సెట్టును కాదు, సంధానాన్ని. లోపలి 8 ఓముల స్పీకర్లు రెంటినీ శ్రేణిలో కలపాలి, 16 అవుతుంది. ఆ జతను 16 ఓముల హారనుకు సమాంతరంగా కలపాలి. 16, 16 సమాంతరంగా సరిగ్గా 8. వాల్వుకు మళ్లీ 5,000 ఓములు కనిపిస్తుంది, నాలుగున్నర వాట్లూ వస్తాయి. అందులో సగం, అంటే 2.25 వాట్లు, హారను వైపుకు పోతుంది. మిగిలిన సగాన్ని లోపలి రెండూ సమానంగా పంచుకుంటాయి. తీగ నష్టం పోను హారనుకు రెండు వాట్లకు కాస్త తక్కువ చేరుతుంది. మొదటి పద్ధతిలో చేరిన దానితో పోలిస్తే అయిదు రెట్లు పైమాటే. పైసా ఖర్చు లేదు, రెండు గజాల తీగా ఒక స్క్రూడ్రైవరూ చాలాయి. దూరపు స్పీకరుకు ఎక్కువ ఓములుండటం కూడా మేలే. రెండు ఓముల తీగ చివర 16 ఓములుంటే తొమ్మిదో వంతు నష్టం, 8 ఓములైతే అయిదో వంతు.

రెండు వాట్లకు ఏం వినిపిస్తుందని ఎవరైనా నవ్వవచ్చు. ఇక్కడ స్పీకరు దక్షత చూడాలి. ఒక వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లు వస్తాయో కొలుస్తారు. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే, 10 డెసిబెళ్లు పెరగాలంటే పదిరెట్లు శక్తి కావాలి. కాబట్టి 100 డెసిబెళ్ల స్పీకరుకు ఒక వాటు ఇవ్వడమూ, 90 డెసిబెళ్ల స్పీకరుకు పది వాట్లు ఇవ్వడమూ సమానమే. శక్తి చాలా ఖరీదైన ఆ రోజుల్లో తేలికపాటి కాగితపు కోనుతో, హారనుతో దక్షతనే పెంచుకున్నారు. రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు అమెరికా ఇంజనీర్లు 1925లో వెల్లడించిన కదిలే తీగచుట్ట స్పీకరే నేటికీ మన ఇళ్లలో ఉన్న స్పీకర్లకు మూలం. చిన్న సెట్టుకు స్పీకరు ఎన్నుకునేటప్పుడు ఓముల తరువాత చూడవలసింది ఈ అంకెనే.

ఇక జాగ్రత్తలు. ఇవి లెక్క కంటే ముఖ్యం.

మొదటిది: స్పీకరు లేకుండా వాల్వు సెట్టును ఎన్నడూ మోగించరాదు. భారం లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మరు ప్రధాన చుట్టలో వోల్టేజి విపరీతంగా లేచి, లోపలి పూత చిట్లి చుట్ట కాలిపోతుంది. పాత సెట్లకు అటువంటి ట్రాన్స్‌ఫార్మరు మళ్లీ దొరకడం కష్టం. ట్రాన్సిస్టరు సెట్టు సంగతి దీనికి తలకిందులు. దానికి తీగలు ఒకదానికొకటి తగలడం ముప్పు, వాల్వుకు తీగ తెగడం ముప్పు.

రెండవది: 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకరు మోగించకూడదు. హారను ఆపవలసి వస్తే తీగ ఊరికే ఊడదీయక, దాని స్థానంలో 15 ఓములు, 5 వాట్ల నిరోధం వచ్చేటట్టు స్విచ్చి పెట్టాలి. అప్పుడు వాల్వు మీద భారం మారదు.

మూడవది: పక్కపక్కన ఉన్న రెండు కోను స్పీకర్లు ఒకే దిశలో కదలాలి. ఒకటిన్నర వోల్టుల టార్చి బ్యాటరీని క్షణకాలం తాకించి చూడండి. కోను ముందుకు వచ్చినప్పుడు ధన ధ్రువం తాకిన కొనకు రంగు చుక్క పెట్టండి. శ్రేణిలో కలిపేటప్పుడు ఒకదాని చుక్క లేని కొన రెండవదాని చుక్క కొనకు కలవాలి. తారుమారైతే మంద్రస్వరాలు ఒకదానినొకటి చంపుకుంటాయి.

నాలుగవది: వాల్వు సెట్టు లోపల 250 వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. పైన చెప్పిన పనంతా వెనకనున్న మరల దగ్గరే, సెట్టు ఆపి, ప్లగ్గు తీసి చేసేది. పెట్టె విప్పే పని తెలిసినవారికే వదిలెయ్యాలి.

సెట్టును అమ్మలేదు. కమిటీవారు కొత్తదానికి అనుకున్న డబ్బు మందిరం పైకప్పు బాగుకు పెట్టారు. భజన ఇప్పుడు కాలనీలో మాట మాటా తెలిసేలా వినిపిస్తోంది.

మిత్రులారా! మన ప్రయోగశాలలో నిరోధపు పెట్టెతో శ్రేణి, సమాంతర సంధానాలు చేసి రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటాం. ఆ పెట్టె స్థానంలో ఒక్కసారి రెండు పాత స్పీకర్లు పెట్టి చూడండి. ఉన్నది తక్కువైనప్పుడు మొదట అడగవలసింది ‘ఇంకెంత కావాలి?’ అని కాదు, ‘ఉన్నది ఎవరికెంత పోతోంది?’ అని. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల చదువు మన చేతిలో ఉంది. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు దాన్ని వెంట తీసుకువెళ్లడమే మిగిలింది.