ఏడు ఆటలు – నాలుగు పాయింట్లు



ఆటలు ఆడుకుంటూ కాలేజీ చదువు చదవొచ్చా అని పోయిన నెల స్టడీ అవర్లో మా తొమ్మిదో తరగతిలో పెద్ద వాదన అయింది. అమెరికాలో అయితే అది మామూలు సంగతే. అక్కడ 1972లో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే బడులు, కాలేజీలు ఆడపిల్ల అని తేడా చూపించకూడదు, ఆటల్లో కూడా. అప్పటి నుంచి బాస్కెట్‌బాల్ బాగా ఆడే అమ్మాయిలకు ఫీజు, గది, తిండి ఇచ్చి చదివించే కాలేజీలు అక్కడ చాలా పెరిగాయి. కానీ అంత దూరం పోవాల్సిన పని లేదు. మన సంగారెడ్డి గురుకుల డిగ్రీ కాలేజీలో బీబీఏ చదువుతూనే ఒక అక్క దేశానికి మెడల్ తెచ్చింది. ఆమె పేరు అగసర నందిని.

నందిని అక్క వాళ్ళ నాన్న చాయ్ అమ్మేవాడు. ఆమె నార్సింగిలో సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. మనది గిరిజన సంక్షేమం. బోర్డు మీద పేరు వేరు గానీ పొద్దుగాల బెల్లు, ప్లేటు పట్టుకుని లైను ఒకటే అనుకుంటా. మొదట ఆమె హర్డిల్స్ మాత్రమే పరుగెత్తేది. నాగపురి రమేష్ సారు కోచింగ్ ఇచ్చారు. ఆయనకు 2016లో ద్రోణాచార్య అవార్డు వచ్చింది. తర్వాత ఆమె హెప్టాథ్లాన్‌కు మారింది.

హెప్టాథ్లాన్ అంటే ఏడు ఆటలు, రెండు రోజులు. మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు. రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్, చివరికి 800 మీటర్లు. హర్డిల్స్ పది ఉంటాయి, ఒక్కోటి ఇంచుమించు 84 సెంటీమీటర్లు, అంటే నా నడుము దగ్గరికి వస్తది. గుండు 4 కిలోలు, ఈటె 600 గ్రాములు. గుండు విసరాలంటే బలం కావాలి, హైజంప్‌కు ఒళ్ళు తేలిగ్గా ఉండాలి. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండుడు కష్టం. అందుకే ఇది నాకు అన్నింటికంటే పెద్ద ఆట అనిపిస్తది.

ఇందులో అన్నింట్లో ఫస్టు రావాల్సిన పని లేదు. ప్రతి ఆటకు పాయింట్ల పట్టిక ఉంటది. లాంగ్‌జంప్ 6.48 మీటర్లు దూకితే 1000 పాయింట్లు, 800 మీటర్లు 2 నిమిషాల 7.63 సెకన్లలో పరుగెత్తితే కూడా 1000. అంతకు తక్కువ చేస్తే తక్కువ పాయింట్లు. ఏడూ కూడి ఎవరిది ఎక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. మన ప్రోగ్రెస్ కార్డులో టోటల్ లెక్కనే. లాంగ్‌జంప్‌లో మూడు సార్లే అవకాశం. మూడూ ఫౌల్ అయితే సున్నా, అయినా మిగతా ఆటలు ఆడొచ్చు. కానీ ఒక్క ఆటకు బరిలోకి దిగకపోతే మొత్తం పోటీలోంచి పోయినట్టే. అప్పటిదాకా ఎన్ని పాయింట్లు వచ్చినా లెక్కలోకి రావు.

ఈ రూలు చదివినప్పుడు నాకు దసరా సెలవులకు ఇంటికి పోయి తిరిగి రాని ఇద్దరు గుర్తొచ్చారు. ఒకామె కబడ్డీలో మన స్కూలు కెప్టెన్. తెలుగులో, సోషల్‌లో ఎప్పుడూ మంచి మార్కులే. ఆమె పెట్టె ఇంకా డార్మిటరీలో మూలకు ఉంది. మా ఇంట్లో కూడా పది అయితే చాలు అంటున్నారు. మా నాయిన పటాన్‌చెరు కంపెనీలో కూలికి పోతడు, మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ బడికి పోలేదు. పదయినంక ఏముంటదో చెప్పేవాళ్ళు లేరు. అందుకే ఈ అక్క సంగతి ఇంత పొడుగు రాస్తున్నా.

2022 ఆసియా క్రీడలు కరోనా వల్ల ఒక ఏడాది ఆలస్యంగా, 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగాయి. నందిని అక్కకు అప్పుడు 20 ఏళ్ళు. ఆమెకు 5712 పాయింట్లు వచ్చాయి, కాంస్య పతకం. నాలుగో స్థానంలో మన దేశమే అయిన స్వప్న బర్మన్, 5708. ఈ స్వప్న 2018 ఆసియా క్రీడల్లో ఇదే ఆటలో 6026 పాయింట్లతో బంగారు పతకం గెలిచిన ఆమె, బెంగాల్‌లో జల్పాయ్‌గుడి అమ్మాయి. తేడా నాలుగు పాయింట్లు!

నాలుగు పాయింట్లు అంటే ఎంత? నేను లెక్క చేశాను, మ్యాథ్స్ మేడం సరి చూశారు. 6 మీటర్ల దగ్గర లాంగ్‌జంప్‌లో ఒక్క సెంటీమీటరుకు సుమారు 3 పాయింట్లు. అంటే సెంటీమీటరున్నర చాలు, స్కేలు మీద పెట్టి చూడండి. చివరి 800 మీటర్లు నందిని అక్క 2 నిమిషాల 15.33 సెకన్లలో పరుగెత్తింది. ఆ వేగం దగ్గర ఒక సెకనుకు సుమారు 14 పాయింట్లు. నాలుగు పాయింట్లంటే పావు సెకను కంటే కొంచెం ఎక్కువ. కన్ను మూసి తెరిచేంత. రెండు రోజులు ఏడు ఆటలు ఆడి చివరికి అంత తేడా.

ఆమె అక్కడ ఆగలేదు. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో 5941 పాయింట్లతో బంగారు పతకం గెలిచింది. హాంగ్‌జౌ కంటే 229 ఎక్కువ. ఏడుతో భాగిస్తే ఒక్కో ఆటకు 33 కంటే కొంచెం తక్కువ. హైజంప్‌లో కర్ర ఒకసారి 3 సెంటీమీటర్లు పైకి జరిపితే ఇంచుమించు అన్నే వస్తాయి. కర్ణాటక అమ్మాయి జె.జె. శోభ 2004లో చేసిన జాతీయ రికార్డు 6211. దానికి గుమి స్కోరు ఇంకా 270 తక్కువ.

– 9వ తరగతి విద్యార్థిని