కనిపించని మెదడు గాయానికి 40 శాతం పరీక్ష

పేట్ బషీరాబాద్ మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై ప్రమాదానికి గురై తలకు దెబ్బ తగిలిన మనిషి, కుట్లు మానాక మామూలుగానే కనిపించవచ్చు. జ్ఞాపకం, ఏకాగ్రత, కోపంపై అదుపు దెబ్బతింటే మాత్రం అది కంటికి ఆనదు. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల రకాలను 7 నుంచి 21కి పెంచింది. ఆ జాబితాలో మెదడు గాయం విడిగా లేదు. అయినా దారి మూసుకుపోలేదు. ఆలోచన, మనోభావం, జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిని రోజువారీ అవసరాలు తీర్చుకోలేని స్థితిని చట్టం మానసిక అనారోగ్యంగా నిర్వచించింది. దాన్ని కొలిచే ‘ఐడియాస్’ స్కేలు స్వీయ సంరక్షణ, మనుషులతో మెలగడం, సంభాషణ-అవగాహన, పని అనే నాలుగింటిని పరిశీలిస్తుంది. అంటే స్కానింగ్ చిత్రం ఒక్కటే సాక్ష్యం కాదు. ఇంట్లోవాళ్ల మాట, పని మానేసిన వివరం కూడా బరువైనవే. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరానికి డిశ్చార్జి పత్రాలు మాత్రమే పట్టుకెళ్లేవారు ఇక్కడే నష్టపోతారు.

కనిపించనిదాన్ని ఒప్పుకుంటే దొంగ ధ్రువపత్రాలు పెరుగుతాయనే అభ్యంతరం తేలికైనది కాదు. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారికి 34వ సెక్షన్ కింద ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్, తెలంగాణలో 2023లో రూ.4,016కు పెరిగిన దివ్యాంగుల ఆసరా పింఛను ఆశ పుట్టించేవే. కానీ మోసానికి 91వ సెక్షన్ రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ముందే పెట్టింది. నిజమైన బాధితుణ్ని అనుమానించడం ఆ సెక్షన్ చేయాల్సిన పనిని అతడి నెత్తిన వేయడమే. ధ్రువీకరణ నిర్ణయం నచ్చకపోతే 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.