నీహారికల రంగులు

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణము కనబడెను. దానిని పరిశీలించుటకై ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు అచటికి వచ్చియుండెను. చంద్రుడు సూర్యబింబమును పూర్తిగా కప్పినపుడు దాని అంచున ఎఱ్ఱని జ్వాలలు కానవచ్చును. ఆ జ్వాలల వెలుగును వర్ణపటదర్శినితో చూడగా, అది ఇంద్రధనుస్సువలె పరచుకొనక కొన్ని సన్నని గీతలుగా మాత్రమే విడిపోయెను. వేడెక్కి ప్రకాశించు పలుచని వాయువుల లక్షణ మదియే. గీతల కాంతి మిక్కుటముగా నుండుటచే, గ్రహణము లేని వేళను గూడ వానిని చూడవచ్చునని జాన్సెనుకు తోచెను. మఱునాడు ఎండలో ప్రయత్నించి చూడనే చూచెను.

పట్టపగలు ఇది యెట్లు సాధ్యమయ్యెను? సూర్యుని తెల్లని వెలుగు వర్ణపటదర్శినిలో అన్ని రంగులకును పంపకమై పలుచబడును. జ్వాలల వెలుగు కొద్ది గీతలలోనే కూడి నిలుచును. ఆ గీత యున్న చోటును మాత్రమే చూచినచో మహాకాంతి వెనుకబడి మందకాంతి ముందునకు వచ్చును. నేడు నీహారికలకు ఛాయాచిత్రములు తీయువారికి ఆధారము ఈ సూత్రమే.

నక్షత్రముల నడుమ మేఘమువలె వ్యాపించిన వాయువును, ధూళిని నీహారిక యందురు. కొన్ని నీహారికలలో క్రొత్తగా పుట్టిన మహోష్ణ నక్షత్రము లుండును. వాని అతినీలలోహిత కిరణములు తగిలి వాయు పరమాణువులు ఎలక్ట్రానులను కోల్పోవును. విడివడిన ఎలక్ట్రాను మరల పరమాణువును చేరినపుడు మెట్లు దిగినట్లు లోనికి దిగును. ఉదజని యనబడు హైడ్రోజనులో మూడవ మెట్టునుండి రెండవ మెట్టునకు దిగునపుడు 656 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల ఎఱ్ఱని వెలుగు పుట్టును. గంధకము 672 నానోమీటర్ల చెంత మఱియొక ఎఱుపును, ఆమ్లజని యనబడు ఆక్సిజను 501 నానోమీటర్ల చెంత నీలము కలిసిన ఆకుపచ్చని వెలుగును ఇచ్చును.

ఈ ఆకుపచ్చ గీత శాస్త్రజ్ఞులను అఱువదియేండ్లకు పైగా తికమకపెట్టినది. 1864లో లండనునందు విలియం హగ్గిన్స్ ఒక నీహారికపై వర్ణపటదర్శినిని నిలిపి దీనిని గాంచెను. భూమిపై నెఱిగిన ఏ మూలకమునకును ఇట్టి గీత లేదు. కావున ‘నెబ్యూలియం’ అను క్రొత్త మూలకము కలదని తలచిరి. 1927లో ఐరా బోవెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, అది రెండు ఎలక్ట్రానులను కోల్పోయిన ఆమ్లజనియే యని తేల్చెను. భూమిపై పరమాణువులు ఒకదానితో నొకటి తఱచుగా ఢీకొనుటచే ఆ వెలుగు వెలువడుటకు అవకాశమే యుండదు. నీహారికలోని వాయువు మిక్కిలి పలుచన గనుక అచట వెలువడును.

గాజుపై అతి సన్నని పొరలను ఒకదానిపై నొకటి పఱచి, ఒక్క గీతను మాత్రమే పోనిచ్చు ఫిల్టరులను చేయుదురు. వీనిలో పెక్కింటి వెడల్పు మూడు మొదలు ఏడు నానోమీటర్లు మాత్రమే. వీధిదీపముల వెలుగు, వెన్నెల చాలవఱకు ఇచటనే ఆగిపోవును. అందుచే నగరములో మేడపై నిలిచి గూడ నీహారికలను పట్టవచ్చును. అయితే లోనికి వచ్చు వెలుగు స్వల్పము. దూరదర్శిని నక్షత్రముల గమనము ననుసరించి తిరుగుచుండగా గంటల తరబడి చిత్రములు తీసి, వానిని ఒకటిగా కూర్చవలెను. ఓపికలేనివారికి ఇది తగిన పని కాదు.

ఇట్లు ఒక్కొక్క ఫిల్టరుతో తీసినది నలుపు తెలుపు చిత్రము. మూడింటికిని సహజమైన రంగులే వేసినచో, ఉదజని, గంధకము రెండును ఎఱుపే గనుక ఏది యేదియో తెలియదు. కావున తరంగదైర్ఘ్యముల వరుస తప్పకుండ గంధకమునకు ఎఱుపు, ఉదజనికి ఆకుపచ్చ, ఆమ్లజనికి నీలము కేటాయింతురు. ఇది కల్పన కాదా యని కొందఱు ఆక్షేపింతురు. దేశపటములో ఒక జిల్లాకు పసుపురంగు వేసినంతమాత్రమున అచటి నేల పసుపని ఎవ్వరును భ్రమపడరు. కాని ఏ రంగు దేనికి గుర్తో పటము క్రింద వ్రాయవలెను. ఈ చిత్రములకును అట్లే వ్రాయవలెను. వ్రాయనిచో ఆక్షేపణ న్యాయమే.

ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినది ‘సృష్టి స్తంభములు’ అను చిత్రము. సర్పమండలములో సుమారు 6,500 కాంతిసంవత్సరముల దూరమున గరుడ నీహారిక కలదు. 1995 ఏప్రిల్ 1వ తేదీన జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ అనువారు హబుల్ దూరదర్శినితో దానిలోని మూడు వాయుస్తంభములను చిత్రించిరి. ఆమ్లజనినుండి రెండు ఎలక్ట్రానులను లాగుటకు అధికశక్తి కావలెను గనుక నీలము తీక్ష్ణకిరణములు పడు చోట్ల ప్రబలును. గంధకపు ఎఱుపు, కిరణముల తీక్ష్ణత తగ్గిన స్తంభముల అంచులలో కనబడును. ఆ చిత్రమునకు ఒక మూల మెట్లవలె తెగియుండును. అది ఆకాశములోని వింత కాదు. హబుల్ కెమేరాలోని నాలుగు భాగములలో ఒకటి తక్కువ మేరను ఎక్కువ వివరముగా చూచును. దానిని తక్కిన మూడింటి కొలతకు తగ్గించి అతికింపగా ఆ ఖాళీ మిగిలినది.

2014లో హబుల్ క్రొత్త కెమేరాతో, మరల ఆ మూడు మూలకముల వెలుగులోనే, ఆ స్తంభములను చిత్రించిరి. రెండు చిత్రములను సరిపోల్చగా, ఒక శిశునక్షత్రము చిమ్ముచున్న సన్నని వాయుధార నడుమ గడచిన 19 సంవత్సరములలో సుమారు 9,600 కోట్ల కిలోమీటర్లు ముందునకు సాగినట్లు తెలిసినది.